ఆరున్నొకటి

మా నాన్న నోట ‘ఏడు’ అన్న మాట నేను చిన్నప్పుడు ఎన్నడూ వినలేదు. ఆయన పేరు అసిరయ్య, ధాన్యం కొలవడం ఆయన పని. కళ్లంలో కుంచం పట్టుకుని కూర్చున్నాడంటే లాభం, రెండు, మూడు, నాలుగు, అయిదు, ఆరు, ఆరున్నొకటి, ఎనిమిది అని పాట పాడుతున్నట్టు లెక్కపెట్టేవాడు. మొదటి కుంచాన్ని ఒకటి అనకూడదు, లాభం అనాలి. ఏడో కుంచాన్ని ఏడు అనకూడదు, అది ఎవరినో ఏడవమన్నట్టు ఉంటుంది. కొత్త ధాన్యం రాశి ముందు అలాంటి మాట పడకూడదు. కొలిచేవాళ్లందరికీ ఉన్న అలవాటే అది. మా నాన్న మాత్రం దాన్ని కళ్లం దాటించి ఇంట్లోకి కూడా తెచ్చాడు. ‘వచ్చే ఏడు’ అనేవాడు కాదు, ‘వచ్చే సమచ్చరం’ అనేవాడు.

రెండో తరగతిలో మాస్టారు నన్ను లేపి పది దాకా అంకెలు చెప్పమంటే నేను ఇంట్లో విన్నట్టే చెప్పాను. లాభానికి మాస్టారు నవ్వి ఊరుకున్నారు. ఆరున్నొకటికి తరగతి తరగతంతా గొల్లుమంది. ఆ రోజు నుంచి బడి మారేదాకా నా పేరు దమయంతి కాదు, ఆరున్నొక్క రాగం. ఏడ్చే పిల్లలకి పెట్టే పేరది. ఆ పేరు పోగొట్టుకోవాలని నేను ఎవరి ముందూ ఏడవడం మానేశాను. పేరు పోలేదు గానీ ఏడుపు పోయింది. ఆ మాటని కూడా నాలోంచి తీసి పారేశాననుకున్నాను. నేను తీసి పారేసిన ఆ ఒక్క మాట తర్వాత లక్ష పక్షుల్ని చంపింది.

తూర్పు కనుమలు సముద్రానికి బాగా దగ్గరగా వచ్చే చోట సాళువల కనుమ అని ఒక ఇరుకు దారి ఉంది. అటు ఒక కొండ, ఇటు ఒక కొండ. దీపావళికి కాస్త ముందు నుంచి కార్తీక పౌర్ణమి దాటేదాకా ఉత్తరాన్నుంచి వలస వచ్చే డేగలు, పెద్దకొంగలు గుమ్మంలోంచి వచ్చినట్టు ఆ ఇరుకులోంచే వస్తాయి. కనుమ దాటగానే కుడివైపు తిరిగి నైరుతి పట్టుకుంటాయి. కొంగలు దక్కను చెరువుల దగ్గర ఆగిపోతాయి. డేగలు దేశమంతా అడ్డంగా దాటి, పడమటి సముద్రం మీదుగా ఆఫ్రికా దాకా పోతాయి. గుప్పెడంత పిట్టలు, వాటి కాళ్లు ఎర్రగా ఉంటాయి. మా నాన్న వాటికి ఎర్రకాలోళ్లు అనీ, తీరిగ్గా రెక్కలు చాపుకుని తిరిగే కొంగలకి దొరలు అనీ పేర్లు పెట్టాడు.

ఆ కొండల మీద ముప్పై రెండు గాలిమరలు వేశారు. పక్షులు వస్తుంటే మరల్ని ఆపాలన్నది షరతు. ఎప్పుడు వస్తాయో, ఎన్ని వస్తాయో కనిపెట్టి మరల్ని దానంతటదే ఆపే యంత్రం కావాలి. అది చేసే పని మా ల్యాబుకి వచ్చింది. దానికి కాగితాల్లో ఏదో పెద్ద పేరుంది, మేము మాత్రం పలకరింపు అనేవాళ్లం.

నాన్నని నేనే కొండ మీదకి తీసుకొచ్చాను. కుంచాలు పోయి కాటాలు వచ్చాక ఆయనకి పని లేకుండా పోయింది. ల్యాబు క్వార్టర్సులో నాతోపాటే ఉంటూ రోజంతా కిటికీలోంచి కనపడే కాకుల్ని లెక్కపెడుతుంటే చూడలేకపోయాను. యంత్రం సరిగ్గా లెక్కపెడుతోందో లేదో తేల్చడానికి మనుషులు కూడా పక్కన లెక్కపెట్టాలి కదా అని మా డైరెక్టరు ఫణిశ్రీ మేడంతో చెప్పాను. ఆవిడది బెజవాడ. చదువుకున్న కొద్దీ మెత్తబడ్డ మనిషి. నాన్నని మొదటి రోజే ‘అసిరయ్యగారూ’ అని పిలిచి కుర్చీ వేసింది.

యంత్రం ఎలా పనిచేస్తుందో ఆవిడే ఆయనకి క్యాంటీను బల్ల మీద చూపించింది. దిక్సూచి ఒకటి పెట్టి, “పక్షి తలలో ఇలాంటి ముల్లే ఉంటుందండీ, కంటికి కనపడనంత చిన్నది. దాన్నిబట్టే అది దిక్కు తెలుసుకుంటుంది” అంది. దూరంగా ఒక అయస్కాంతాన్ని ఆడించింది. ముల్లు సన్నగా వణికి, అయస్కాంతం తీసెయ్యగానే మళ్లీ ఉత్తరానికి వచ్చి నిలబడింది.

“కొండ మీద మన యంత్రం ఇలాగే దూరం నుంచి పలకరిస్తుంది. ముల్లు వణుకుతుంది. ఆ వణుకుని మనం వింటాం. ఒక్క వణుకు, ఒక్క పక్షి. డేగ వణుకు వేరు, కొంగ వణుకు వేరు. మబ్బు పట్టినా లెక్క తప్పదు.”

నాన్న కాసేపు చూసి, “మరీ దగ్గిరకెట్టేస్తే ఏటవుద్దమ్మా?” అని అడిగాడు.

మేడం నవ్వి అయస్కాంతాన్ని ముల్లు మీద ఆనించి ఒక్కసారి గట్టిగా రుద్దింది. తీసేశాక ముల్లు గిరగిరా తిరిగి ఆగింది. ఉత్తరం చూపించాల్సిన ఎర్ర కొస దక్షిణం చూపిస్తోంది.

“అలా పెట్టం కదండీ,” అంది.

నాన్న దిక్సూచిని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. ఎంత తిప్పినా ఎర్ర కొస దక్షిణానికే పోతోంది. “ఇది పాడైపోనాదని దీనికి తెల్దు. పాపం, బాగానే సూపిస్తన్నాననుకుంటాది,” అని బల్ల మీద పెట్టేశాడు. అందరం నవ్వాం. ఆ నవ్వినవాళ్లలో నేనూ ఉన్నాను.

ఆయన్ని నమ్మింది ఊరికే కాదు. ముందు పరీక్ష పెట్టారు. డేగల గుంపు వీడియో ఒకటి వేసి లెక్కపెట్టమన్నారు. అందులో అయిదువందల అరవై ఉన్నాయి. పక్షుల మీద పరిశోధన చేస్తున్నవాళ్లలో ఒకరు అయిదువందల ఇరవై అన్నారు, ఇంకొకరు దాదాపు ఆరొందలు అన్నారు. నాన్న పెదాలు కదుపుతూ, పది కాగానే ఒక చింతపిక్క సంచిలో వేస్తూ పోయాడు. చివర సంచి బల్ల మీద బోర్లిస్తే యాభై ఆరు పిక్కలు. మూడుసార్లు వేశారు, మూడుసార్లూ యాభై ఆరే. మేడం లేచి చేతులు జోడించింది.

ఇంక పిక్కలెందుకని నేనే అన్నాను. కాలర్‌కి ఒక మైకు పెట్టి, ఆయన నోటితో అంటున్నదాన్ని విని లెక్కవేసే ప్రోగ్రాం రాశాను. ఆయన ఒక్క అంకె అంటే ఒక్క పక్షి. అంతకంటే తేలికైన ప్రోగ్రాం నేను బతుకులో రాయలేదు. దానికి తెలియాల్సినవి పదే పది మాటలు, వాటి పట్టిక ఇచ్చాను. లాభం అంటే ఒకటి అని రాసినప్పుడు ల్యాబులో అందరికీ ఆ ముచ్చట చెప్పాను. మేడం “భలే ఉందే!” అంది. నాకు గర్వంగా కూడా అనిపించింది. ఒకవేళ ఒకటి అంటాడేమోనని దాన్ని కూడా పట్టికలో ఉంచాను. ఏడో మాట దగ్గరకి వచ్చేసరికి రెండో తరగతి గదిలో పిల్లల మొహాలన్నీ ఒక్కసారి కనపడ్డాయి. వేళ్లు ‘ఏడు’ అని కొట్టేశాయి. మర్చిపోయానని చెప్పుకోవచ్చు. మర్చిపోలేదు. సిగ్గుపడ్డాను.

ఆ మొదటి సమచ్చరం మూడు రోజులు యంత్రమూ నాన్నా పక్కపక్కన లెక్కపెట్టారు. పొద్దున్న ఎండ ఎక్కేసరికి ఎర్రకాలోళ్లు ఒక దాని వెనక ఒకటి ఏరు పారినట్టు వచ్చేవి. నాన్న గోచీ బిగించి బండ మీద కూర్చుని, తల ఎత్తి, ఊపిరికీ ఊపిరికీ మధ్య ఆగకుండా పాడేవాడు. అన్నం ముద్దలు నేను నోటికి అందిస్తే పది దగ్గర ఆగి మింగేవాడు. నలభై ఏళ్లలో ఆయన మొహం అంత వెలిగి ఉండటం నేను చూడలేదు. అలవాటు చావక పదికోసారి చింతపిక్క కూడా సంచిలో వేస్తూనే ఉన్నాడు. మూడో రోజుకి నిండిన ఆ సంచిని ఇంట్లో మేకుకి తగిలించేశాడు. దాన్ని ఎవరూ పట్టించుకోలేదు.

మూడో రోజు సాయంత్రం చూస్తే నాన్న లెక్క ఇరవై వేల రెండువందల ముప్పై. యంత్రం లెక్క పద్దెనిమిది వేల మూడువందల తొంభై ఒకటి. యంత్రం పదకొండింటికి ఒకదాన్ని వదిలేస్తోంది. వందకి తొంభై తొమ్మిదైనా పట్టుకోకపోతే గాలిమరల్ని దాని చేతికి ఇవ్వరు.

“పలకరింపు మరీ మెల్లగా ఉంది. వాటికి వినపడటం లేదు,” అంది మేడం.

అప్పటిదాకా జోరులో నాలుగో మెట్టు మీద ఉన్నదాన్ని అయిదుకి పెంచాం, చాల్లేదు. ఆరుకి పెంచాం. సీజన్ ఆఖరి పూట వచ్చిన చివరి గుంపుని రెండు లెక్కలూ ఒకేలా చూపించాయి. అందరం చప్పట్లు కొట్టాం. నాన్న బండ మీంచి దిగుతూ, “కుంచానికి కాటా ఒచ్చింది, నా కళ్లకి ఇదొచ్చింది. పోన్లే, పచ్చులు బతుకుతాయి,” అన్నాడు. బాధపడుతూ కాదు, నిజంగానే సంతోషంగా అన్నాడు.

ఆరో మెట్టు వల్ల పక్షులకి ఏమైనా అవుతుందేమోనని ఆ చలికాలం పావురాల మీద చూశాం. అరవై మైళ్ల దూరంలో వదిలితే అన్నీ గూటికి చేరాయి. పావురం తెలిసిన దారిని కళ్లతో కూడా గుర్తుపడుతుంది. మొదటిసారి వలస పోయే పిల్ల డేగకి తెలిసిన దారంటూ ఉండదు. ఈ ముక్క మాకు అప్పుడు తట్టలేదు.

మరుసటి ఏడాది మొదటి గుంపు వచ్చేసరికి పలకరింపు ఆరో మెట్టు మీద సిద్ధంగా ఉంది. గుంపు మూడు కిలోమీటర్ల దూరంలో ఉండగానే ముప్పై రెండు మరలూ ఒకదాని తర్వాత ఒకటి ఆగిపోయాయి. పక్షులు వాటి మధ్యలోంచి పోయాయి. ఒక్క ఈక రాలలేదు. మేడం కళ్లు తుడుచుకుంది. నాన్నకి అక్కడ పని లేదు, అయినా రోజూ వచ్చి తన బండ మీద కూర్చునేవాడు.

నాలుగో రోజు ఆయన కంట్రోలు గదిలోకి వచ్చి నా వెనక నిలబడ్డాడు.

“ఓలమ్మీ, ఎర్రకాలోళ్లు కనుమ దాటి ఎడం పక్కకి తిరుగుతన్నాయి. అటు సముద్రం కదేటి?”

“తుఫాను గాలి నాన్నా. బంగాళాఖాతంలో వాయుగుండం ఉంది. గాలి తగ్గగానే సర్దుకుంటాయి.”

“గాలి ఎదురుగుంటే కిందికి దిగి కూకుంటాయి గానీ, నీటి మీదకెల్తాయేటమ్మా?”

“రాడార్ వాళ్లూ గాలి అనే చెప్పారు,” అన్నాను. రాడార్ వాళ్లని నేను అడగనే లేదు. తెర మీద అంకెలు పెరుగుతున్నాయి, నేను వాటినే చూస్తున్నాను.

తొమ్మిదో రోజు మళ్లీ వచ్చాడు. ఈసారి రొప్పుతున్నాడు. “దొరలు కూడా ఎడం పక్కకే ఎల్తన్నారు. కొంగ నీటి మీద ఎగరనేదమ్మా. వేడి గాలి నేకపోతే అది రెక్క ఆడించనేదు. ఒక్కపాలి బైటికొచ్చి సూడు.”

“కొంగలు ఆరువందల నలభై వచ్చాయి నాన్నా, ఒక్కటీ చావలేదు. నువ్వే చూశావుగా.”

“ఇక్కడ సావనేదు,” అన్నాడు. నేను లేవలేదు. ఆయన తన బండ దగ్గరకి వెళ్లిపోయాడు.

తుఫాను హెచ్చరికతో పడవలన్నీ ఒడ్డు మీదే ఉన్నాయి. పక్షం రోజులకు పైగా ఎవరూ సముద్రంలోకి పోలేదు. ఇరవై రెండో రోజు పొద్దున్న దానయ్య అనే జాలరి కొండ కింద గేటు దగ్గరకి వచ్చి, పక్షుల ఆఫీసు ఇదేనా అని అడిగాడు. భుజం మీద తడి గోనెసంచి ఉంది. దాన్ని మా అరుగు మీద బోర్లించాడు.

“రేత్తిరి ఏసిన వల ఇందాక లాగినాం. సేపలు పావు వంతు నేవు. అన్నీ ఇయ్యే. ఒడ్డు మీదైతే కొంగలు కుప్పలు పడున్నాయి. మీ పచ్చులేనా బాబూ? ఏటి సెయ్యాలో సెప్పండి.”

గుప్పెడంత పిట్టలు, ఉప్పునీటికి ఈకలు అంటుకుపోయి ఇంకా చిన్నగా కనపడ్డాయి. కాళ్ల రంగు మాత్రం పోలేదు, ఎర్రగానే ఉన్నాయి. నాన్న కిందకి వంగి వాటిని ఒక్కొక్కటే తీసి వరసగా పెట్టాడు. పెదాలు కదల్లేదు. ఆయన చేతికి వరసగా ఏదైనా అందితే లెక్కపెట్టకుండా ఉండటం నేను అదే మొదటిసారి చూడటం.

పలకరింపుని ఆపేశాం. అప్పటికి రావలసినవన్నీ వచ్చేశాయి. ఆ సాయంత్రం ఒడ్డుకి వెళ్లాను. ఆరువందల నలభై కొంగల్లో ఎన్ని ఉన్నాయో తెలియదు, నేను లెక్కపెట్టలేదు. ఏడుపు రాలేదు. అక్కడ ఏడవనివాళ్లం ఇద్దరమే, నేనూ సముద్రమూ.

ఎందుకు జరిగిందో తెలుసుకోవడానికి వారం పట్టింది. నాలుగో మెట్టులో పక్షి తలలో ముల్లు వణికి మళ్లీ నిలబడుతుంది. ఆరో మెట్టులో వణికి, తిరగబడిపోతుంది. దిక్సూచి తప్పిందని పక్షికి తెలియదు, బాగానే ఉందనుకుని అటే పోతుంది. తిరగబడేటప్పుడు కొన్నింటిలో ముల్లు రెండోసారి కూడా వణుకుతుంది. పదింటికి ఒకటి అలా రెండుసార్లు పలికింది. అది చావుకేక. మేము దాన్ని నాలుగో మెట్టులో మాకు దొరక్కుండా పోయిన పక్షి అనుకున్నాం.

“అంటే అసలు వదిలేసిన పక్షులే లేవన్నమాట. నాలుగో మెట్టు లెక్కే సరైనది. మరి మీ నాన్నగారికి ఎక్కువ ఎందుకొచ్చాయి?” అంది మేడం.

పాత రికార్డింగు పెట్టుకుని, ప్రోగ్రాం ఏ మాట దగ్గర ఏ అంకె వేసిందో తెర మీద చూస్తూ కూర్చున్నాను. చెవుల్లో నాన్న గొంతు: లాభం, రెండు, మూడు, నాలుగు, అయిదు, ఆరు, ఆరున్నొకటి, ఎనిమిది. తెర మీద: లాభం, రెండు, మూడు, నాలుగు, అయిదు, ఆరు, ఆరు, ఒకటి, ఎనిమిది.

దానికి ఆరున్నొకటి అన్న మాట తెలియదు. తెలిసిన రెండు ముక్కలుగా విరగ్గొట్టుకుంది. ఒక్క అంకె అంటే ఒక్క పక్షి అని నేనే చెప్పాను, అందుకని ఒక పక్షికి రెండు వేసుకుంది. పదింటికి పదకొండు. మూడు రోజులు, పద్దెనిమిది వందల సార్లు, నాన్న ఎవరినీ ఏడిపించకూడదని ఆ మాట అన్న ప్రతిసారీ.

క్వార్టర్సుకి పరిగెత్తాను. చింతపిక్కల సంచి తలుపు వెనక మేకుకి వేలాడుతోంది. నేల మీద బోర్లించి లెక్కపెట్టాను. వెయ్యీ ఎనిమిది వందల ముప్పై తొమ్మిది. నాన్న గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు.

“పోయిన సంవత్సరం మూడో రోజు ఏ అంకె దగ్గర ఆపావు నాన్నా?”

“లాబం కాడ. పిక్క ఏసేసినాక ఒక్కటొచ్చింది, పొద్దుపోనాది.” ఆయన ఆలోచించలేదు కూడా.

పద్దెనిమిది వేల మూడువందల తొంభై ఒకటి. యంత్రం లెక్క, పిక్కల లెక్క ఒక్కటే. ఏడాది పాటు నేను ఆ తలుపు తీస్తూ, వేస్తూ తిరిగాను.

“ఏటమ్మా అది?” అన్నాడు. ఏం లేదన్నాను.

మేడంకి మాత్రం అంతా చెప్పాను. ఆవిడ తెల్ల కాగితం ఒకటి తీసి ముందు పెట్టుకుంది. తర్వాత, “కారణం రాయాలి దమయంతీ,” అంది. “మన ప్రోగ్రాం అని రాస్తే ల్యాబు మూసేస్తారు. ముప్పై మంది వీధిన పడతారు, ఇలాంటి పని మళ్లీ ఎవరూ చెయ్యరు. మనిషి లెక్కలో దోషం అని రాద్దాం. పెద్దాయన్ని ఎవరేం చేస్తారు? అయ్యో పాపం అంటారు, అంతే.” ఆవిడ చెడ్డ మనిషి కాదు. అలాగే రాసి కాగితం నా వైపు జరిపింది. నేను సంతకం పెట్టాను. ఎవరూ నా చెయ్యి పట్టుకుని పెట్టించలేదు.

నాలుగు రోజుల తర్వాత పొద్దున్న నాన్న టీ తాగడానికి కిందకి వెళ్లాడు. తాగకుండానే తిరిగొచ్చాడు. టీకొట్టు దగ్గర ఎవరో పేపరు పైకి చదివారు. జిల్లా పేజీలో ఫోటోతో సహా వేశారు: ‘కొలతగాడి లెక్క తప్పు, లక్ష డేగలు బలి.’ ఆ ఫోటో నేను తీసిందే, బండ మీద కూర్చుని నవ్వుతున్నది.

“నలభై సమచ్చరాలు కొలిసినాను,” అన్నాడు నిలబడే. “ఒక్క కుంచం తేడా ఒచ్చిందన్నోడు నేడు. నువ్వు సదువుకున్నదానివి, నువ్వు సెప్పు. నాను తప్పినానా?”

ఔనంటే అక్కడితో అయిపోయేది. ఆయన ముసలితనం మీదకి నెట్టేసుకునేవాడు. అనాలనే నోరు తెరిచాను. ఆయన కళ్లలోకి చూసి అనలేకపోయాను. పట్టిక, బడి, పిల్లలు, విరిగిన మాట, ఆరో మెట్టు, నా సంతకం, అన్నీ చెప్పాను. చెబుతున్నంతసేపూ ఆయన నా మొహమే చూశాడు. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండునని ఎంత కోరుకున్నానో.

“అంటే ఆ మాటకేనా?” అన్నాడు చివరికి.

“మాట తప్పు కాదు నాన్నా. నేను రాయలేదు. తప్పు నాది.”

“ఏడుపు రాకుండా అనుకునే మాటమ్మా అది,” అన్నాడు. “మా అయ్య నేర్పినాడు.” అంతే అన్నాడు. వెళ్లి మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు.

నిజం రాసి పేపరుకి పంపాను. వెయ్యలేదు. పై ఆఫీసుకి పంపాను. విషయం ముగిసిందని జవాబొచ్చింది. ఆరు నెలలకి ల్యాబు ఎలాగూ మూసేశారు. ముప్పై మందీ వీధిన పడ్డారు. నాన్నని బలిపెట్టి నేను కాపాడింది ఏమీ లేదు. గాలిమరలు మాత్రం ఇప్పుడు రాత్రీ పగలూ ఆగకుండా తిరుగుతున్నాయి. వాటిని ఆపించాల్సిన పక్షులు లేవు కదా.

కొండ కింద ఊళ్లో ఒక గది అద్దెకి తీసుకున్నాం. ఆ ఏడాదంతా నాన్న నోటి నుంచి ఒక్క అంకె రాలేదు. రొట్టెలు ఎన్ని వెయ్యమంటావని అడిగితే చాలినన్ని అనేవాడు. టైమెంతని ఎవరైనా అడిగితే గడియారం వైపు చెయ్యి చూపించేవాడు. కాకులు వచ్చి గోడ మీద వాలితే మొహం తిప్పుకునేవాడు. ఆయన లెక్కపెట్టడం మానేశాక ఇంట్లో ఎంత నిశ్శబ్దమో అప్పుడు తెలిసింది. నా చిన్నప్పటి నుంచి ఇంట్లో ఎప్పుడూ సన్నగా వినపడుతూ ఉన్న శబ్దం అదేనని నాకు అంతకుముందు తెలియదు.

దీపావళి వెళ్లిన మర్నాడు పొద్దున్న చెప్పులేసుకుని, “కొండకెల్దాం,” అన్నాడు.

సంచి తేలేదు. గుప్పిట్లో ఒకే ఒక్క చింతపిక్క పెట్టుకున్నాడు. రోజూ ఎండ ఎక్కేసరికి బండ మీద కూర్చునేవాళ్లం, చీకటి పడేముందు దిగేవాళ్లం. దొరలు రాలేదు. పౌర్ణమికి ముందు రెండు వారాలు, పౌర్ణమి దాటి నాలుగు రోజులు, ఉత్తరాన ఒట్టి ఆకాశం. మరలు తిరుగుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు. ఇంక చాలు నాన్నా అని నేను అనలేదు. ఆయనకి చెప్పే హక్కు నాకు లేదనిపించింది.

అయిదో రోజు మూడు గంటలప్పుడు ఆయన వీపు నిటారైంది. నాకు ఇంకా ఏమీ కనపడలేదు.

“లాబం,” అన్నాడు.

ఏడాది తర్వాత లెక్క అందుకున్న ఆ గొంతు బొంగురుపోయి ఉంది. అప్పుడు చూశాను. ఎర్రకాలోడు, ఒంటరిగా, గాలిమరల రెక్కలకి పైనుంచి దాటింది. కనుమ దాటి కుడివైపు తిరిగింది. నైరుతికి. నేను ఊపిరి పీల్చుకున్నాను.

“రెండు. మూడు.” జంటగా వచ్చాయి. కుడివైపే. చాలాసేపటికి, “నాలుగు.” ఆ వెనకే, “అయిదు.” గాలిమరల చప్పుడులో ఆయన గొంతు నాకు సరిగా వినపడక దగ్గరికి జరిగాను. “ఆరు,” అన్నాడు. అది కాస్త కిందుగా వచ్చి, రెక్కల మధ్యలోంచి ఎలాగో తప్పించుకుని పోయింది.

పొద్దు వాలింది. ఇంక లేవనుకున్నాను. ఏరు పారినట్టు పాడుకుంటూ పోయినచోట ఆరు దగ్గర ఆగిపోయి కూర్చున్నాం.

అప్పుడు ఉత్తరాన ఇంకొక్క చుక్క. బాగా వెనకబడిపోయింది, నెమ్మదిగా వస్తోంది. నేను దాన్ని చూడటం మానేసి నాన్న పెదాల వంక చూశాను. పాత మాటే అనాలని మొక్కుకున్నాను. వాళ్ల అయ్య నేర్పిన మాట, నేను సిగ్గుపడ్డ మాట ఒక్కసారి అంటే చాలు, నన్ను క్షమించినట్టే అనుకున్నాను. పక్షి మా నెత్తి మీంచి దాటి, కనుమ దాటి, కుడివైపు తిరిగి చిన్నదైపోయింది. నాన్న దాన్ని కనపడకుండా పోయేదాకా చూశాడు. తర్వాత ఆకాశం మీంచి చూపు దించి నా మొహంలోకి చూశాడు.

“ఏడు,” అన్నాడు.

లెక్కపెట్టాడో, నన్ను ఏడవమన్నాడో నేను అడగలేదు. ఆ బండ మీద, రెండో తరగతి పిల్లలా, పైకి ఆరున్నొక్క రాగం అందుకున్నాను. నాన్న ఊరుకోమనలేదు. గుప్పిట్లో చింతపిక్క పట్టుకుని, ఎనిమిదో దానికోసం ఉత్తరం వైపు చూస్తూ కూర్చున్నాడు.